గెమెరెకి పురుడు

ఆ గురువారం పొద్దున బొనోలో వేసుకున్న పథకం చాలా చిన్నది. పొయ్యి రాజెయ్యాలి, నీళ్లు కాచాలి, గెమెరె కలిపి మూత పెట్టాలి, శనివారం తెల్లవారేదాకా ఎవరితోనూ మాట్లాడే అవసరం రాకుండా చూసుకోవాలి. చివరిది ఆమెకి రోజూ ఉండే పథకమే. పదిహేనేళ్లు వచ్చినా, ఇంటికి ఎవరైనా వస్తే నీళ్ల కుండ వెనక్కి వెళ్లి నిలబడే పిల్ల. బళ్లో హాజరు పిలిచినప్పుడు కూడా ఆమె బదులు పక్కనున్న పిల్ల "ఉందండీ" అని చెప్పేది.

గెమెరె కలపడం ఆ ఊళ్లో వింతేం కాదు. శొంఠిపొడి, పంచదార, నిమ్మఉప్పు వేడినీళ్లలో కలిపి, ఈస్టు వేసి, గుప్పెడు కిస్మిస్‌లు జల్లి పులియబెడతారు. తాగితే ముక్కు పుటాలు అదురుతాయి కానీ మత్తెక్కదు కాబట్టి చర్చి పెద్దలు కూడా రెండో కప్పు అడుగుతారు. అది లేకుండా పెళ్లి మాట మొదలుకాదు. చిక్కంతా అక్కడే ఉంది.

కోతల రోజుల్లో బొనోలో అక్క సెతున్యను అడగడానికి మగపెళ్లివారు వచ్చారు. ఆ రోజు ఎందుకో గెమెరె పొంగలేదు. పెళ్లికొడుకు మేనత్త పులానె ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టేసింది. మగపెళ్లివారింట్లో ఆమె అవునంటే అవును, కాదంటే కాదు.

"ఈ ఇంట్లో ఈస్టుకే ఇంత బద్ధకమైతే ఇక పిల్ల సంగతి చెప్పాలా? చలికాలంలో ఇంకోసారి వస్తాం. అప్పుడూ ఇలాగే చప్పగా ఉంటే వచ్చే ఏడు చూద్దాం," అని శాలువా సర్దుకుని లేచిపోయింది.

అంచేత ఇప్పుడు సెతున్య పెళ్లి మొత్తం చిటికెడు ఈస్టు నిద్రలేవడం మీద ఆధారపడి ఉంది. ఆ ఈస్టుని లేపే పని బొనోలో మీద పడింది. తల్లి లేని ఆ అక్కచెల్లెళ్లని పెంచిన అమ్మమ్మ గలెబోయె పక్క ఊళ్ల నుంచి చుట్టాల్ని తీసుకురావడానికి బయల్దేరుతూ, పికప్ బండి వెనక ఎక్కి కూర్చుని మరీ పాఠం చెప్పింది.

"నీళ్లు మరీ మరగనివ్వకు. చంటిపిల్లకి స్నానం పోసేంత వేడి, అంతే."

"సరే అమ్మమ్మా."

"మూత బిగించకు. దానికీ ఊపిరాడాలి. చలిగాలి తగలనివ్వకు. ఊరికూరికే తెరిచి చూడకు. కిస్మిస్‌లు పైకి తేలిందాకా అది నిద్రపోతున్నట్టే లెక్క."

"సరే."

"మీ మామయ్యని మాత్రం దాని దగ్గరికి రానివ్వకు."

దీనికి బొనోలో సరే అనలేదు. ఈలోగా బండి కదిలిపోయింది.

ఇంట్లో అన్నిటికన్నా వెచ్చగా ఉండేది మధ్యలో పొయ్యి ఉన్న గుండ్రటి గుడిసె. రాజధాని గాబొరోన్ నుంచి జలుబు, జ్వరం మోసుకొచ్చిన సెతున్య అప్పటికే అందులో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. బొనోలో ఆ పక్కనే పెద్ద తెల్ల బకెట్టు పెట్టి, గెమెరె కలిపి, ఈస్టు వేసి, కిస్మిస్‌లు జల్లింది. అవి నేరుగా అడుక్కి వెళ్లి కూర్చున్నాయి.

పొద్దెక్కాక చూసింది. అక్కడే ఉన్నాయి. ఇంకాసేపాగి చూసింది. ఒక్కటీ కదల్లేదు. నీళ్లు వేడెక్కువై ఈస్టు చచ్చిపోయిందేమోనని భయపడింది. ఇంకో పొట్లం విప్పి, మొదటిదాని ఆత్మశాంతికన్నట్టు కాసేపు నిలబడి, రెండోది కూడా వేసేసింది. మొదటిది చావలేదు. చలికి ముడుచుకుని ఉందంతే. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తెలీదు.

సరిగ్గా అప్పుడు మామయ్య ఒటెంగ్ వచ్చాడు, చేతిలో ఎనామిల్ కప్పుతో. ఆ కప్పు ఆయన చెయ్యి వదిలి ఉండగా ఎవరూ చూడలేదు.

"నేను తాగడానికి రాలేదే. పరీక్ష చెయ్యడానికొచ్చా. ఎల్లుండి పొద్దున పులానె ముందు మాట పడేది నేనే కదా?" అంటూ మూత తీసి, కప్పు ముంచి, తాగి, కళ్లు మూసుకుని ఆలోచించాడు. "ఇంకా కాలేదు."

మళ్లీ వచ్చాడు. మళ్లీ కాలేదు. మూడోసారి వచ్చినప్పుడు బకెట్టులో మట్టం బెత్తెడు దిగింది. మూత తీసిన ప్రతిసారీ చలి తిన్నగా లోపలికి దూకుతోంది. బొనోలో ధైర్యమంతా కూడగట్టుకుంది. "మామయ్యా, ముట్టుకోవద్దు" అనాలి. నోరు తెరిచింది.

"మామయ్యా, పంచదార సరిపోయిందా?" అంది.

"చూసి చెప్తానుండు," అని ఆయన నాలుగో కప్పు ముంచాడు.

ఆయన వెళ్లాక బొనోలో మూతని నాలుగువైపులా నొక్కి గట్టిగా బిగించింది. దాని మీంచి తాడు తిప్పి పిడికి కట్టి, పైన ముడి వేసింది. ముడి విప్పడం మామయ్యకి చిటికెలో పని. అడ్డుకోవాలంటే ఏదైనా మాట్లాడాలి. తన తరఫున ఎవరైనా మాట్లాడితే బాగుండునని అటూ ఇటూ చూస్తే కట్టెల మోపు పక్కన ఒక మొపానె చెట్టు దుంగ కనిపించింది.

ఆ ఊళ్లో ఒటెంగ్ దాటనిది ఒక్కటే, పురిటి దుంగ. బాలింత ఉన్న గుడిసె గుమ్మానికి అడ్డంగా దాన్ని పడుకోబెడితే మగవాళ్లు దాటరు. ప్రయాణం చేసి వచ్చినవాళ్లు, చావుకి వెళ్లొచ్చినవాళ్లు, ఒక్కమాటలో కాళ్లు వేడెక్కినవాళ్లెవరూ దాటరు. ఎవరికి పుట్టింది, ఏం పుట్టింది అని అడగనైనా అడగరు. అలా అడగడం మర్యాద కాదు.

సాయంత్రం దాకానే కదా అనుకుని బొనోలో ఆ దుంగని దొర్లించుకొచ్చి గుమ్మానికి అడ్డంగా పెట్టింది.

ఒటెంగ్ ఐదోసారి వచ్చాడు. దుంగ చూశాడు. కప్పు వీపు వెనక దాచుకుని, రెండో చేత్తో టోపీ తీసి, మూడడుగులు వెనక్కి వేశాడు. లోపలి చీకట్లో దుప్పటి కింద మేనకోడలు, ఆమె పక్కన తెల్లగా ఏదో మూటలాంటిది. సెతున్య నీరసంగా దగ్గింది.

"అంతా క్షేమమేనా?" అన్నాడు గుసగుసగా.

బొనోలో తలూపింది. అంతా క్షేమంగానే ఉంది మరి.

"దానికి తినడానికేం పెడుతున్నావు?"

"జొన్న జావ. గొంతు దిగట్లేదు."

జావ అంటే బాలింత తిండి. ఒటెంగ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. మేనమామకి కూడా చెప్పకుండా ఇంత పని జరిగిందా అన్న బాధ కొంత, తాతనయ్యానన్న ఆనందం కొంత. రెండూ కలిసి ఆయన్ని నేరుగా ఫోను దగ్గరికి తీసుకెళ్లాయి. ఈ కబురు పులానెకి ఊళ్లోవాళ్ల నోటి వెంట తెలిస్తే పరువు పోతుంది. ఆ చుట్టుపక్కల ఫోను పలికేది గాడిద బండి మీద నిలబడితేనే. బండి ఉండేది పొరుగావిడ మ్మా కెబోన్యె కంచె పక్కన. ఒటెంగ్ ఫోనులో గుసగుసలాడినా అది మూడు కంచెల అవతలికి వినిపిస్తుంది.

కాసేపటికే మ్మా కెబోన్యె ఒక చంకలో కోడిని, ఇంకో చంకలో గులాబీరంగు పసిపిల్లల దుప్పటిని పెట్టుకుని దుంగ ఇవతల ప్రత్యక్షమైంది.

"దుమెలా, నా తల్లీ," అని పలకరించింది. "నేనేం అడగను. అడక్కూడదు. ఈస్టర్ పండక్కి వచ్చినప్పుడు ఆ వదులు కోటు చూసే అనుకున్నాలే. అంత ఎండలో కోటేంటని మా ఆయనతో కూడా అన్నా. నా మాట ఎప్పుడు విన్నాడు గనక."

"అత్తా, అది..."

"చెప్పకు. నాకేం చెప్పకు. కోడి పులుసు పెట్టు, ఒంట్లో వేడి పుడుతుంది. దుప్పటి కొత్తది. మా మనవడికని అల్లించా, వాడు మూడేళ్లయినా పుట్టలేదు."

ఆ క్షణంలో లోపల్నుంచి బుడబుడమని ఒక చప్పుడు వచ్చింది. బకెట్టులో మొదటి బుడగ. మ్మా కెబోన్యె గుండె మీద చెయ్యేసుకుంది.

"విన్నావా? పాలు తాగి త్రేన్చింది. గట్టి పిండం."

ఆమె వెళ్లిపోయాక బొనోలో కోడిని, దుప్పటిని పట్టుకుని చాలాసేపు నిలబడింది. జరిగింది బుర్రకెక్కగానే దుంగ తీసెయ్యడానికి వంగింది. వంగినది వంగినట్టే ఆగిపోయింది. పురిటి దుంగని మధ్యలో తీసేస్తే దానికి ఆ ఊళ్లో ఒక్కటే అర్థం. రేపటికల్లా కోడితో వచ్చినవాళ్లే ఏడుస్తూ వస్తారు. మెల్లగా నడుం ఎత్తి, దుంగని ఉన్నచోటే ఉంచింది.

శుక్రవారం ఊరు ఊరంతా వచ్చింది. మర్యాదగా, కాలిచప్పుడు లేకుండా, దుంగ ఇవతలే ఆగి. సబ్బులు వచ్చాయి, పౌడరు డబ్బా వచ్చింది, కుచ్చులున్న చిన్న అల్లిక టోపీ వచ్చింది. చర్చి ఆడవాళ్లు కంచె దగ్గర నిలబడి, బిడ్డ లేవకూడదని, పెదవులు మాత్రమే కదుపుతూ పాట పాడి వెళ్లారు. అందరికీ బొనోలో తలే ఊపింది. ఎన్నడూ నోరు విప్పని పిల్ల కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

ఎలాగూ వచ్చింది కదాని గులాబీ దుప్పటి బకెట్టుకి చుట్టింది. మంచి దుప్పటి. పొయ్యి దగ్గర కాచిన ఇటుకలు చుట్టూ పేర్చింది. గంట తిరక్కుండా లోపల సందడి మొదలైంది. చెవి ఆనిస్తే వాన చినుకుల్లాంటి చిటపట. బొనోలో ఒళ్లంతా పొంగిపోయింది. అంతకుముందు ఎవరూ ఆమె మాట విని లేవలేదు. ఆ ఆనందంలో, ఎందుకో తనకే తెలీకుండా, అల్లిక టోపీ తీసుకుని మూత మీది ముడికి తొడిగి కుచ్చులు కట్టేసింది. అందంగా ఉంది.

సెతున్య ఒక కన్ను తెరిచింది. "అదేంటే, బకెట్టుకి టోపీ?"

"చలి," అంది బొనోలో.

"ఓహో," అని సెతున్య అటు తిరిగి పడుకుంది. జ్వరంలో ఉన్నవాళ్లతో ఉన్న సుఖమది. ఆమె ఫోను ఛార్జింగు లేక నిన్నటి నుంచే పడుకుని ఉంది.

సాయంత్రం ఒటెంగ్ దూరంగా నిలబడి వార్తలు చదివాడు. "పులానె ఫోనులో ఏడ్చిందే. వాళ్లన్న పోయాక మళ్లీ ఇప్పుడే. మేకని కోయిస్తోందట. పెళ్లికొడుక్కి చెబితే ముందు కంగారుపడ్డాడు, తర్వాత సంతోషపడ్డాడు, తర్వాత నెలలు లెక్కేసుకుని మళ్లీ కంగారుపడ్డాడు. గెమెరె ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. మనం బతికిపోయాం."

ఇంతమంది ఇన్ని చెబుతుంటే బొనోలో ఒక్క సంగతి మర్చిపోయింది. దానికి ఊపిరాడాలి.

శనివారం తూరుపు తెల్లబడకముందే మగపెళ్లివారు వచ్చారు. మగవాళ్లు కోట్లలో, ఆడవాళ్లు నీలం అద్దకం గౌన్లమీద గళ్ల శాలువాలతో. అందరికన్నా ముందు పులానె. దారి నడిచి వచ్చిన కాళ్లు కాబట్టి గేటు దగ్గరే ఆగిపోయారు. చలికి అందరి నోళ్లలోంచీ ఆవిర్లు వస్తున్నాయి. సరిగ్గా అప్పుడే పికప్ బండి కూడా వచ్చి ఆగింది. అమ్మమ్మ గలెబోయె దిగి, గుమ్మంలో దుంగ, ఎవరో కానుకగా తెచ్చి కంచె మీద వేసిన పసిపిల్లల లంగోటీలు, గేటు దగ్గర నాలుకలాడిస్తూ కేరింతలు కొడుతున్న ఇరుగుపొరుగు, అన్నీ చూసింది. వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టుకుంది. లెక్క కుదరక మళ్లీ మొదటి వేలుకి వచ్చింది.

"ఎవరికే?" అని బొనోలోని అడిగింది.

బొనోలో నీళ్ల కుండ వెనక్కి వెళ్లిపోయింది.

ఈలోగా పెద్దలు, పిల్లని సొరబుర్ర అని చెప్పి అడిగే పద్ధతి ప్రకారం, మొదలుపెట్టేశారు. పెళ్లికొడుకు తరఫు ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "నీళ్లు ముంచుకునే సొరబుర్ర ఒకటి మీ ఇంట్లో ఉందని విన్నాం, అయ్యా. అడగడానికి వచ్చాం."

ఒటెంగ్ ఛాతీ విరిచాడు. "సొరబుర్ర ఉందండీ. ప్రస్తుతానికి పడుకుని ఉంది. పక్కన చిన్న బుర్ర కూడా ఉంది."

ఆడవాళ్లందరూ శాలువా కొంగులు కళ్లకి ఒత్తుకున్నారు. పులానె ముందుకొచ్చింది. ఆ మొహంలో నవ్వు కొత్తగా ఉండి, ఎక్కడ కూర్చోవాలో తెలీక అటూ ఇటూ జరుగుతోంది.

"గలెబోయె వదినా, కోతలప్పుడు నేనన్న మాటలు మనసులో పెట్టుకోకు. ముక్కు అచ్చం మా అన్నదేనట కదా."

"ఎవరు చెప్పారు?" అంది అమ్మమ్మ.

"నేనే," అంది మ్మా కెబోన్యె. "చూడలేదనుకో. ఊపిరి చప్పుడుని బట్టి చెప్పా."

"పేరు కూడా తెచ్చాను," అంది పులానె. "దుంగ ఇవతల నుంచే పిలిచి వెళ్తాను. లోపలికి రానులే."

ఇక ఇది తన వల్లే ఆగాలని బొనోలోకి అర్థమైంది. నీళ్ల కుండ వెనక నుంచి బయటికి వచ్చింది. గుమ్మం దాకా నడిచింది. అందరూ తనవైపు చూస్తుంటే చెవులు కాలిపోతున్నాయి. కళ్లు మూసుకుని, గుండెనిండా గాలి పీల్చుకుంది.

"అది బి..."

లోపల ఏదో పేలింది. రెండు పొట్లాల ఈస్టు, వేడి ఇటుకలు, రెండు రోజుల బిగింపు అన్నీ ఒక్కసారే సమాధానం చెప్పాయి. తాడు పుటుక్కున తెగింది. మూత గుమ్మంలోంచి గాల్లోకి లేచి, దుంగ దాటి, ముంగిట్లో నేల మీద పడి చక్రంలా దొర్లుకుంటూ గేటు దాకా వెళ్లి, పులానె పాదాల ముందు రెండు చుట్లు తిరిగి వాలింది. దానికి ముడీ ఉంది. ముడికి కుచ్చుల టోపీ ఉంది.

దాని వెనకే సెతున్య వచ్చింది. ఒళ్లంతా నురుగు, జుట్టునిండా కిస్మిస్‌లు. దుంగ మీంచి మేకపిల్లలా ఎగిరి దూకి ముంగిట్లో నిలబడింది.

కోడి ఒక్కటే కాస్త కదిలింది.

"బాలింత మంచి ఆరోగ్యంగా ఉంది," అంది పులానె నెమ్మదిగా.

"బాలింతెవరు?" అంది సెతున్య.

అప్పుడు బొనోలోకి గొంతు వచ్చింది. జీవితంలో మాట్లాడనిదంతా ఒకేసారి వచ్చింది. "బిడ్డ లేదు. అది గెమెరె. మామయ్య ఊరికే మూత తీసి పరీక్ష చేస్తుంటే చలికి అది లేవట్లేదు, వద్దని చెప్పలేక దుంగ పెట్టాను, తీద్దామంటే మీరందరూ ఏడుస్తారని తియ్యలేదు, దుప్పటి బాగుందని చుట్టాను, టోపీ ఎందుకు పెట్టానో తెలీదు, అక్కకి జలుబు."

జనమంతా ఒటెంగ్ వైపు తిరిగారు. ఆయన కప్పు కోటు జేబులో దాచుకోబోయాడు. పిడి బయటే ఉండిపోయింది.

పులానె చెంప మీద ఎగిరొచ్చిన కిస్మిస్ ఒకటి అంటుకుని ఉంది. దాన్ని తీసి చూసి, నోట్లో వేసుకుంది. నమిలింది. బొనోలో గుండె ఆ దవడతో పాటే కదిలింది.

"ఇంకా మిగిలిందా?" అంది పులానె.

బొనోలో లోపలికి పరిగెత్తింది. సగం బకెట్టు మిగిలింది. పైన కిస్మిస్‌లన్నీ తేలి, తోసుకుంటూ ఉన్నాయి. ఒటెంగ్ జేబులోంచి కప్పు లాక్కుని, నిండా ముంచి తెచ్చింది. పులానె ఒక గుక్క తాగింది. ముక్కు ఎర్రబడింది. ఇంకో గుక్క. కళ్లలో నీళ్లు. చివరిదాకా తాగి, పెద్దగా ఒక త్రేన్పు త్రేన్చి, శాలువా సర్దుకుంది. ఈసారి లేచిపోవడానికి కాదు, నేల మీద చాప వేసుకుని కూర్చోవడానికి.

"ఇది బతికే ఉంది," అంది. "కానీ వదినా, నా కష్టం కూడా విను. మా వీధి వీధంతా నాన్నమ్మనైపోయానని చాటింపు వేసి వచ్చాను. మేక కడుపుల్లోకి వెళ్లిపోయింది. ఇప్పుడు ఉత్తచేతులతో వెనక్కెళ్లి ఏమని చెప్పను, బకెట్టు పుట్టిందనా?"

"ఏం చెయ్యమంటావు?" అంది అమ్మమ్మ జాగ్రత్తగా.

"వచ్చే ఏడూ లేదు, దుక్కుల దాకా ఆగడమూ లేదు. పెళ్లి ఈ నెల్లోనే. మిగతాది పిల్లలు చూసుకుంటారు. పేరు నా దగ్గరే ఉంచుకుంటా, పాడైపోయేది కాదు." ఖాళీ కప్పు బొనోలో వైపు చాపింది. "పెళ్లికి గెమెరె ఈ పిల్లే చెయ్యాలి. మూత మాత్రం వదులుగా పెట్టించు."

నవ్వు ముందు మ్మా కెబోన్యె దగ్గర మొదలైంది. తర్వాత ముసలాయన దగ్గరికి పాకింది. సూర్యుడు పైకొచ్చేసరికి గేటు ఇవతలా అవతలా అందరూ పొట్టలు పట్టుకుని ఉన్నారు. బొనోలో కూడా నవ్వింది, నీళ్ల కుండకి ఇవతల నిలబడే.

మరుసటి ఏడు సెతున్య నిజంగానే పుట్టింటికి పురిటికి వచ్చింది. పాప పుట్టిన పొద్దున అమ్మమ్మ తన చేత్తో ఆ గుడిసె గుమ్మానికే దుంగ అడ్డం పెట్టింది. మధ్యాహ్నానికల్లా ఊళ్లో సగంమంది కప్పులు పట్టుకుని వచ్చి వరసలో నిలబడ్డారు.

వరసలో మొదట ఒటెంగ్ ఉన్నాడు.